రాశిచక్రము: పుట్టుక, అర్థము

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చదివిన ఉపన్యాస పాఠము)



పండితులు మాటలాడవలసిన ఈ రజతోత్సవ సభలలో, ఊరి లెక్కలు వ్రాసికొను నన్నుగూడ ఏదేని యొక విషయముపై మాటలాడుమని కార్యదర్శిగారు ఆజ్ఞాపించిరి. నేను గురుముఖమున శాస్త్రము చదివినవాడను కాను. పగలు భూముల లెక్క, రాత్రి ఈ బీరువాలలోని పుస్తకము: నా చదువంతయు ఇంతే. కావున నా వృత్తికి దగ్గరగా నుండు విషయమునే ఎంచుకొంటిని. రాశిచక్రమనగానే జాతకము చెప్పబోవుచున్నాడని ముందువరుసలోనివారు చేతులు చాపనక్కరలేదు. నాకు జాతకము చెప్పుట రాదు. రాశిచక్రము నా కంటికి కొలతల పుస్తకమువలె కనబడును. ఆకాశమను పొలమునకు హద్దులు వేసి, ఏ గ్రహము ఏనాడు ఏ గట్టు దాటెనో వ్రాసికొనుటకు మనుష్యులు చేసికొన్న పుస్తకమది. దానిని ఎవరు మొదలుపెట్టిరి, మన చేతికెట్లు వచ్చెను, మనవారు దానినెట్లు దిద్దుకొనిరి, నేడు దానిని ఎంతవరకు నమ్మవచ్చును అను సంగతులను చెప్పుదును.

ముందుగా మాట సంగతి. రాశి యన్న మాటను రైతునకు విప్పి చెప్పనక్కరలేదు. కళ్ళములో తూర్పారబట్టిన ధాన్యమును కుప్ప పోసినచో అది రాశి. లెక్కలవారికి రాశి యనగా పరిమాణము. మూడు రాశులు తెలిసి నాలుగవదానిని కనుగొనుట త్రైరాశికము. మహావీరాచార్యుల గణితమును తెనిగించిన పావులూరి మల్లన నాటినుండి తెలుగు లెక్కలలో ఈ మాట నలుగుచునే యున్నది. జ్యోతిషమునందును దీని మొదటి అర్థము కొలతయే. సూర్యసిద్ధాంతములో ఈ కొలతల పట్టిక యున్నది: 60 వికలలు ఒక కల, 60 కలలు ఒక భాగ, 30 భాగలు ఒక రాశి, 12 రాశులు ఒక భగణము, అనగా ఆకాశమున ఒక చుట్టు. చూడుడు, 1957లో నయాపైసలు వచ్చువరకు మన పెద్దలు వల్లించిన అణాలు, పైసల ఎక్కమువలె లేదా? ఇందులో మేక లేదు, ఎద్దు లేదు. ముప్పది భాగల మూట యొకటి రాశి.

ఇంగ్లీషువారు దీనిని జోడియాక్ అందురు. అది గ్రీకు మాట. జంతువుల బొమ్మలు గల వలయమని దాని అర్థము. వారు బొమ్మను బట్టి పేరు పెట్టిరి, మనవారు కొలతను బట్టి పేరు పెట్టిరి. మన పేరే విషయమునకు దగ్గరగా నున్నదని నా అభిప్రాయము.

ఇక ఆకాశమున ఉన్నదేమి? సూర్యుడు సంవత్సరమున ఒకమారు నక్షత్రముల నడుమ ఒక చుట్టు తిరిగినట్లు కనబడును. నిజమునకు తిరుగునది భూమి. మన కంటికి మాత్రము సూర్యుడు జరిగినట్లుండును. ఆ బాటకు క్రాంతివృత్తమని పేరు. చంద్రుడును, మన పెద్దలెరిగిన అయిదు గ్రహములును ఆ బాటకు ఇరువైపుల ఎనిమిది తొమ్మిది భాగలకు మించి తొలగిపోవు. అనగా ఆకాశమంతయు వారికి బయలు కాదు; ఇరుకైన బండిబాట యొకటి యున్నది. ఆ బాటను కొలిచినచో కాలము కొలిచినట్లే. సూర్యుడొక చుట్టు తిరుగులోపల పున్నములు పండ్రెండు వచ్చి కొంచెము మిగులును. కావున బాటను పండ్రెండు ముక్కలు చేయుట ఏ దేశపు లెక్కగానికైనను తోచును. తోచుట వేరు, చేసి చూపుట వేరు. అది మొదట చేసి చూపినవారు బాబిలోనువారు.

ఈ మాట అనగానే మన పెద్దలలో కొందరికి కష్టము తోచును. వేదకాలమునుండి మనకు జ్యోతిషమున్నది గదా, పరదేశపు మాట యెందులకని. ఉన్నది, నిస్సందేహముగా ఉన్నది. కాని మన పాత లెక్క వేరు. అది నక్షత్రముల లెక్క. చంద్రుడు ఇరువదియేడు దినములకు పైచిలుకుగా ఆకాశమును చుట్టివచ్చును. రాత్రికొక నక్షత్రమువంతున ఇరువదియేడు మజిలీలను మనవారు గుర్తించిరి. తైత్తిరీయ సంహితలో కృత్తిక మొదలుగా ఆ పట్టిక యున్నది. ఋగ్వేదములో పండ్రెండు ఆకుల చక్రము చెప్పబడినది గాని, అది పండ్రెండు నెలల సంవత్సరము. మేషవృషభముల మాట అందులేదు. వేదాంగ జ్యోతిషములోను రాశులు లేవు. మరి బాలకాండలో శ్రీరామచంద్రుడు కర్కాటక లగ్నమున జన్మించెనని యున్నది గదా యని మీరడుగవచ్చును. ఆ శ్లోకములు తరువాత చేరినవని కొందరు పండితుల అభిప్రాయము. దానివలన మన నవమికిగాని, పునర్వసువునకుగాని, భక్తికిగాని వచ్చిన లోటేమియు లేదు.

బాబిలోను నేటి ఇరాకు దేశమున యూఫ్రటీసు నదీతీరమున నుండెడిది. అచ్చటివారు తడిమట్టి పలకలపై పుల్లతో ఒత్తి వ్రాసి ఎండబెట్టుకొనిరి. మన తాటాకులు పురుగు తిన్నవి, వారి మట్టి మిగిలినది. ఆ పలకలలో నక్షత్రముల పట్టిక గల గ్రంథమొకటి దొరకినది, క్రీ.పూ. 7వ శతాబ్దమున వ్రాసిన దాని ప్రతి యున్నది. దాని పేరు ముల్ అపిన్. అనగా నాగలి చుక్క! గ్రంథము ఆ మాటతోనే మొదలగును. అందు చంద్రుని బాటలోని తారాసమూహములు పదునేడో పదునెనిమిదో చెప్పబడినవి. ఇవి కొన్ని పెద్దవి, కొన్ని చిన్నవి. పూర్వము కొలతలేని రోజులలో వాగును, పుట్టను హద్దుగా చెప్పుకొన్న పొలములవంటివి. క్రీ.పూ. 5వ శతాబ్దమున వారు ఆ పద్ధతిని మార్చి, బాటనంతయు పండ్రెండు సమభాగములు చేసి, ఒక్కొక్కదానికి 30 భాగలు ఇచ్చిరి. అరువదితో లెక్కించుట వారి అలవాటు గనుక చుట్టు 360 భాగలు. నేటికిని బడిపిల్లలు కోణమానినితో కొలుచు భాగలు ఇవియే. పాత సమూహములలో పండ్రెండింటి పేర్లను ఈ కొత్త ముక్కలకు పెట్టిరి. ఊరిపేరు సర్వే నంబరునకు అంటుకొన్నట్లు, బొమ్మల పేర్లు కొలతకు అంటుకొన్నవి.

ఆ పేర్లు వినదగినవి. మనము మేషమనుదానిని వారు కూలివాడనిరి. మేక కాదు, గొఱ్ఱె కాదు, పొలములో కూలికి వచ్చువాడు! వారి పురాతన భాషలో మనిషికిని, గొఱ్ఱెకును పలుకుబడి ఒకటే యగుటచే కూలివాడు గొఱ్ఱెయై, గ్రీకుల చేతిలో పొట్టేలైనాడని పండితుల ఊహ. మన కన్యకు వారి పేరు నాగేటిచాలు. దానితోడనే ధాన్యపు వెన్ను పట్టిన దేవత యొకతె. ఆ చోట వెలుగు పెద్ద చుక్కను మనము చిత్త యందుము. లాటిను భాషలో దాని పేరు స్పైకా, అనగా ధాన్యపు కంకి. వరాహమిహిరుడు బృహజ్జాతకములో రాశుల రూపములు చెప్పుచు, కన్య పడవలో నుండి చేతులలో సస్యమును, అగ్నిని పట్టినదని వర్ణించెను. చూచితిరా, ఎక్కడి యూఫ్రటీసు, ఎక్కడి ఉజ్జయిని! వేయి సంవత్సరములు గడచి, భాషలు మారి, దేవతలు మారినను ఆ పిల్ల చేతిలోని వెన్ను జారిపోలేదు. సీత యనగా నాగేటిచాలని మనకు తెలియును. వారి చాలు మన సీతయే యని నేననను. దున్నుకొని బ్రదికిన జనులు ఏ దేశమువారైనను పొలమునే ఆకాశమున చూచికొనిరని మాత్రము అందును.

మకరము కథ వేరు. బాబిలోనువారికి అది మేకతలయు, చేపతోకయు గల జంతువు. గ్రీకులు మేకకొమ్ములదనిరి. మన వరాహుడు మృగముఖము గల మకరమనెను. మన శిల్పులకు మకరము చిరకాల పరిచితము గనుక నీటి భాగమునకు ఆ పేరు చక్కగా కుదిరినది. మేకతల జింకతలగా మిగిలినది. ఈగుప్తు దేశమున డెండెరా ఆలయపు కప్పుపై చెక్కిన రాశిచక్రమున మేకచేప నేటికిని కనబడును. ఆ రాతిపలకను 19వ శతాబ్దమున పెకలించి పారిసునకు కొనిపోయిరి. నేడది లూవ్రు ప్రదర్శనశాలలో నున్నది.

మనకెట్లు వచ్చెనన, గ్రీకుల ద్వారమున వచ్చెను. క్రీ.పూ. 331లో అలెగ్జాండరు బాబిలోనును పట్టిన పిదప అచ్చటి లెక్కలు గ్రీకుల చేతికి సులభముగా చిక్కినవి. గ్రీకులు వానికి క్షేత్రగణితమును జోడించిరి. ఆ పిమ్మట యవనుల ఓడలు మన రేవులకు వచ్చినవి. ఆంధ్రదేశమున అనేక స్థలములలో రోమను నాణెములు భూమిలో దొరకినవి. మిరియాలు, వస్త్రములు పోయిన దారినే లెక్కలు వచ్చినవనుకొనుట తప్పు కాదు. ఇది ఊహ మాత్రమే కాదు. సాక్ష్యము మన గ్రంథములోనే యున్నది. బృహజ్జాతకమున రాశులకు వరాహమిహిరుడు మారుపేర్లు కొన్ని ఇచ్చెను: క్రియ, తావురి, జితుమ, లేయ, పాథోన, జూక, కౌర్ప్య, తౌక్షిక, ఆకోకేర, హృద్రోగ. సంస్కృతమున ఎంత వెదకినను వీనికి వ్యుత్పత్తి కుదరదు. గ్రీకున మేషము క్రియోస్, వృషభము తావ్రోస్, సింహము లేఓన్, కన్య పార్థెనోస్, తుల జుగోన్, కుంభము హుద్రోఖోఓస్. కుంభమునకు హృద్రోగమన్న పేరు చూచి, ఆ రాశివారికి గుండెజబ్బు తప్పదని భయపెట్టువాడు ఎక్కడనైనను ఉండునేమో! అది రోగము కాదు. నీళ్ళు పోయువాడని గ్రీకు అర్థము. హోర, కేంద్రము అను మాటలును ఆ బాటను వచ్చినవే.

వరాహమిహిరుని పెద్దరికము ఇచ్చటనే యున్నది. 6వ శతాబ్దమున ఆ మహానుభావుడు తనకు దొరకిన అయిదు సిద్ధాంతములను ముందుంచుకొని వ్రాసెను. అందు రోమకము, పౌలిశము అను పేర్లే వాని జన్మస్థలము చెప్పకయే చెప్పుచున్నవి. బృహత్సంహితలో, యవనులు మ్లేచ్ఛులే యైనను ఈ శాస్త్రము వారియందు చక్కగా నున్నది గనుక వారును ఋషులవలె పూజింపబడుదురన్న భావమును చేర్చెను. ఎవరినుండి తీసికొన్నామో చెప్పుకొనుటకు ఆయన సిగ్గుపడలేదు.

తీసికొని మనవారు ఊరకుండలేదు. ఇరువదియేడు నక్షత్రముల పాత లెక్కయు, పండ్రెండు రాశుల కొత్త లెక్కయు ఒకే ఇంట ఉండవలెను. 27ను 12తో భాగించిన నిశ్శేషముగా పోదు. అప్పుడు నక్షత్రమును నాలుగు పాదములు చేసిరి: ఇరువదియేడు నాలుగులు నూటయెనిమిది. రాశికి తొమ్మిది పాదములు: పండ్రెండు తొమ్మిదులు నూటయెనిమిది. రెండు పద్దులు సరిపోయినవి! అశ్విని నాలుగు, భరణి నాలుగు, కృత్తిక మొదటిది, ఇవి మేషము. నేను ముప్పదియేండ్లుగా పద్దులు సరిచూచుచున్నాను. ఇంత అందముగా సరిపోయిన పద్దు చూడలేదు. ఏ ఒక్క పాదమును మిగులలేదు, ఏ ఒక్కటియు తక్కువ పడలేదు.

ఇక ఈ రాశులు మన తెలుగు బ్రదుకులో చేయు పని చూడుడు. మన నెలలు చంద్రునివి. చిత్త దగ్గర పున్నమి వచ్చిన చైత్రము, విశాఖ దగ్గర వచ్చిన వైశాఖము. పండ్రెండు చాంద్రమాసములకు 354 దినములే. సూర్యునికి పదునొకండు దినములు తరుగు. ఆ తరుగును పట్టించుకొనకున్నచో, ఉగాది పదియారు సంవత్సరములలో ఎండలనుండి శరత్తునకు జారిపోవును. ఆ జారుటను ఆపునది రాశియే. ప్రతి చాంద్రమాసమునను సూర్యుడొక కొత్త రాశిలో కాలిడవలెను. ఏ నెలలో అట్లు కాలిడడో ఆ నెల అధికమాసము. 2023లో సూర్యుడు జూలై 17న కర్కాటకమున ప్రవేశించెను, ఆగస్టు 17న సింహమున ప్రవేశించెను. ఆ నడుమ జూలై 18 మొదలు ఆగస్టు 16 వరకు ఒక నిండు చాంద్రమాసము ఇమిడిపోయినది. అందులో సంక్రమణమే లేదు. అది అధిక శ్రావణమైనది. ఎప్పుడో అరుదుగా ఒకే నెలలో రెండు సంక్రమణములు పడిన అది క్షయమాసము. 1963–64లోను, 1982–83లోను అట్లు వచ్చెను. మన పెద్దలకిది బాగుగ జ్ఞాపకముండును. అధికమాసము అశుభమని భయపడువారున్నారు. నా కంటికది లెక్క సరిచేయుటకు వ్రాసిన పద్దు.

పుష్కరములును రాశుల లెక్కయే. బృహస్పతి ఆకాశము చుట్టుటకు 11 సంవత్సరముల 10 నెలలు పైచిలుకు పట్టును, రాశికొక సంవత్సరము. ఆయన సింహమున ప్రవేశించిన గోదావరికి, కన్యలో ప్రవేశించిన కృష్ణకు, మకరమున తుంగభద్రకు, మీనమున ప్రాణహితకు పుష్కరములు. 2015లో గోదావరి, 2016లో కృష్ణ, 2020లో తుంగభద్ర, 2022లో ప్రాణహిత. పంచాంగమెరుగని ముసలమ్మయు పండ్రెండేండ్లకొకమారు నదికి పోయి, తెలియకయే గురుగ్రహపు చుట్టు లెక్కించుచున్నది.

కార్తెల సంగతి మీకు నేను చెప్పవలసిన పనిలేదు. మీరే నాకు చెప్పవలెను. చంద్రుని మజిలీలైన నక్షత్రములనే సూర్యునికి వర్తింపజేసి, ఒక్కొక్కదానికి పదుమూడు పదునాలుగు దినములిచ్చినచో అవి కార్తెలు. మే 25 ప్రాంతమున రోహిణి, జూన్ 8 ప్రాంతమున మృగశిర, జూన్ 22 ప్రాంతమున ఆరుద్ర. రోహిణిలో రోళ్ళు పగులునని సామెత. విత్తనము, దుక్కి, నారు అన్నియు మనకు కార్తెతోనే ముడిపడినవి.

ఇప్పుడు అసలు చిక్కు వినుడు. ఈ పొలమునకు మొదటి హద్దురాయి కదలుచున్నది.

భూమి బొంగరమువలె తిరుగుచున్నది. వేగము తగ్గిన బొంగరము తల త్రిప్పినట్లు దాని ఇరుసును మెల్లగా తల త్రిప్పుచున్నది. నడుము ఉబ్బిన భూమిని సూర్యచంద్రులు లాగుటయే దానికి కారణము. ఆ ఇరుసు ఒక్క చుట్టు తిరుగుటకు సుమారు 25,800 సంవత్సరములు. దీనివలన రాత్రింబవళ్ళు సమానముగా నుండు బిందువు నక్షత్రముల నడుమ 72 సంవత్సరములకు ఒక భాగ చొప్పున వెనుకకు జరుగును. క్రీ.పూ. 2వ శతాబ్దమున హిప్పార్కసు అను గ్రీకు విద్వాంసుడు మన చిత్త నక్షత్రపు స్థానమును, తనకు నూటయేబదియేండ్ల ముందరివారి కొలతతో పోల్చి దీనిని కనుగొనెను. మనదేశమున వరాహమిహిరుడు దీనికి సాక్షి. పూర్వము దక్షిణాయనము ఆశ్లేష నడుమను, ఉత్తరాయణము ధనిష్ఠ మొదటను ప్రారంభమైనట్లు పూర్వశాస్త్రములు చెప్పుచున్నవి. ఇప్పుడు కర్కాటకాదిని, మకరాదిని జరుగుచున్నవి. సందేహమున్న ప్రత్యక్షముగా చూచికొనుడని ఆయన వ్రాసెను. ఎట్లు చూడవలెనో గూడ చెప్పెను: ఉదయాస్తమయములందు దూరమున ఒక గుర్తు పెట్టుకొని చూడుడు, లేదా పెద్ద వలయము గీసి నీడ ఎచట ప్రవేశించి ఎచట వెలువడునో చూడుడు అని. పాత కాగితమును గౌరవించుచునే, పొలమునకు పోయి గొలుసు వేసి చూడుమన్న మాట యది. ఇంతకంటె గొప్ప లెక్కగానిని నేనెరుగను.

నక్షత్రములను బట్టి చేసిన మన మేషాదియు, ఋతువును బట్టి చేసిన మేషాదియు క్రీ.శ. 285 ప్రాంతమున ఒక్కచోట నుండెను. నేడు వాని నడుమ 24 భాగల దూరమున్నది. దీనినే అయనాంశ యందురు. కావుననే సూర్యుడు నిజముగా ఉత్తరమునకు మరలునది డిసెంబరు 21, 22 తేదీలలో; మన మకరసంక్రాంతి జనవరి 14, 15 తేదీలలో. 1863లో స్వామి వివేకానందులు జన్మించిన మకరసంక్రాంతి జనవరి 12. నూటయరువది సంవత్సరములకు పైగా గడచునప్పటికి రెండు మూడు దినములు జరిగినది. దీనితో సంక్రాంతి తప్పయిపోయినదని నేననుటలేదు. పంట ఇంటికి వచ్చిన పండుగ అది. గాదె నిండిననాడే పండుగ. కాని ఆనాడే ఉత్తరాయణము మొదలగునని పిల్లలకు చెప్పినచో, వారు కిటికీలోనుండి చూచి మనలను నమ్మరు.

కార్తెలకును ఈ జారుట తప్పదు. వరాహమిహిరుని కాలమున సూర్యుడు మృగశిరలో ప్రవేశించుట ఋతువును బట్టి నేటికంటె మూడు వారములు ముందు. ఇట్లే సాగినచో మరి వేయి సంవత్సరములకు రోహిణి కార్తె జూన్ రెండవ వారమున పడును. రోళ్ళు పగులవలసిన దినములలో వానలు కురియును. మనకు తొందర లేదు గాని, లెక్క తెలిసియుండుట మేలు. 1952లో మేఘనాథ సాహాగారి అధ్యక్షతన ప్రభుత్వమువారు నియమించిన సంఘము ఈ సంగతినే విచారించి 1955లో నివేదిక ఇచ్చెను. దాని ఫలితముగా 1957 మార్చి 22 నుండి రాష్ట్రీయ పంచాంగము అమలులోనికి వచ్చెను. ఋతువు జారని నెలలను వారు సూచించిరి. ప్రభుత్వ కాగితములపై శకాబ్దపు తేదీ పడుచున్నది, ప్రజలు మాత్రము పాత లెక్కనే పట్టుకొనిరి.

ఈ హద్దురాయి ఎచట పాతవలెనన్న విషయమున పంచాంగకర్తలలో నేటికిని ఏకాభిప్రాయము లేదు. ఒకరి అయనాంశకును మరియొకరి అయనాంశకును ఒకటిన్నర భాగవరకు భేదమున్నది. ఒకటిన్నర భాగ యే గదా యని అనుకొందుము. చంద్రుడు దినమునకు పదుమూడు భాగలు నడచును; ఒకటిన్నర భాగ అనగా రెండు ముప్పావు గంటలు. ఒక రాశిలో ఆయన ఉండునది సుమారు యేబదినాలుగున్నర గంటలు. త్రైరాశికము వేయుడు: ఇరువదిమందిలో ఒకరు ఈ సందులో పుట్టుదురు. వారి రాశి ఒక పంచాంగములో ఒకటి, మరియొకదానిలో మరియొకటి.

ఇది కాగితము మీది చిక్కు మాత్రమే కాదు. మన ప్రాంతమున ఒక రైతు ఒక సాయంకాలము నాయొద్దకు వచ్చెను. కుమార్తెకు సంబంధము కుదిరినది, పిల్లవాడు పిల్లయు ఇష్టపడిరి, ఇచ్చిపుచ్చుకొనుటలు ముగిసినవి. వరునిది కుంభరాశి. పిల్లది పునర్వసు. ఒక పంచాంగము ప్రకారము మూడవ పాదము, మిథునరాశి. పొంతన దివ్యముగా నున్నది. ఫోనులో చూచిన మరియొక లెక్క ప్రకారము నాలుగవ పాదము, కర్కాటకము, కుంభమునుండి ఆరవది. షష్ఠాష్టకమని వరుని మేనమామ పట్టుపట్టెను.

"అయ్యా, లెక్కలు చూసేవారు మీరు. మా పిల్లది మిథునమా, కర్కాటకమా? ఏదో ఒకటి తేల్చి చెప్పండి" అని ఆయన అడిగెను.

"పిల్ల ఎప్పుడు పుట్టిందో అప్పుడే పుట్టింది కదా, బావా. చంద్రుడూ ఎక్కడున్నాడో అక్కడే ఉన్నాడు. వీళ్ళు రాయి ఇటు పాతారు, వాళ్ళు అటు పాతారు. పిల్లలో తేడా ఏముంది?" అంటిని.

ఆయన కొంతసేపు మౌనముగా నుండి, "మరి ఈ మాట వాళ్ళకెవరు చెబుతారు?" అనెను. మరునాడు ఆయనతోకూడ పోయి ఆ మేనమామగారి యెదుట కాగితము పరచి, రెండు పంచాంగముల లెక్కయు వేసి చూపితిని. ఆయన సాంతము వినెను. లెక్కలో తప్పు పట్టలేదు. అయినను ఆ సంబంధము నిలువలేదు. ఆ పిల్ల ఆ సంవత్సరమంతయు ఇల్లు కదలలేదని వినుచున్నాను. గట్టు తగాదాలో రాయి అటో ఇటో యని తేలనప్పుడు ఇరుగుపొరుగులను కూర్చుండబెట్టి సర్దుదుము; చేలోని పంటకు నిప్పు పెట్టము. ఇంత తెలిసిన మనము పిల్లల బ్రదుకు దగ్గర మాత్రము ఎందుకు సర్దుకొనలేకపోవుచున్నాము? పెద్దలు దీనిని విచారింపవలెనని వేడుకొనుచున్నాను.

పదుమూడవ రాశి కనుగొన్నారని అప్పుడప్పుడు పత్రికలలోను, ఫోనులలోను గగ్గోలు పుట్టుచుండును. దానిని గూర్చి రెండు మాటలు చాలును. అంతర్జాతీయ ఖగోళ సంఘమువారు 1928లో నిశ్చయించి, 1930లో ప్రకటించిన తారాసమూహముల హద్దుల ప్రకారము సూర్యుని బాట సర్పధారి యను సమూహముగుండ గూడ పోవుచున్నది. నవంబరు చివరినుండి డిసెంబరు నడుమవరకు సూర్యుడందు ఉండును. వృశ్చిక సమూహములో ఉండునది వారము దినములే. అవి వాగు, పుట్ట హద్దులుగా గల ముక్కలు. రాశులు సమముగా కొలిచిన ముక్కలు. రెండు లెక్కలు వేరు. పండ్రెండింటికి ముప్పది భాగలు ఇచ్చిన తరువాత పదుమూడవదానికి చోటు లేదు.

చివరకు ఒక విన్నపము. వరాహమిహిరుడు చెప్పిన పరీక్షకు మన గ్రంథాలయపు మేడ అనువైన స్థలము. తూర్పున తాటితోపు వరకు చూపునకు అడ్డు లేదు. డిసెంబరు మొదటి వారమునుండి సంక్రాంతి వరకు, మేడమీద ఒక్కచోటనే నిలిచి, ప్రతి ఉదయమున సూర్యుడు ఏ తాటిచెట్టు సూటిగా పొడుచునో చూచి, తూర్పు పిట్టగోడపై గీత పెట్టవలెనని కార్యదర్శిగారితో కలిసి నిశ్చయించితిమి. ఉన్నత పాఠశాల పిల్లలు ఇప్పటికే నలుగురు పేర్లిచ్చిరి. పెద్దలు రాదలచినచో తెల్లవారకముందే రావలెను, మఫ్లరు తెచ్చుకొనవలెను. సున్నపు డబ్బా, కుంచె, తేదీలు వ్రాసికొనుటకు ఒక నోటుపుస్తకము గ్రంథపాలకునికి ఒప్పగించియున్నాను.